బోర్డు వారి కుడి భుజం

లాకులపాలెంలో ఎదురుగా నడిచివచ్చే మనిషి లాకుల బోర్డు ఉద్యోగా కాదా అని చెప్పడానికి గుర్తింపు కార్డు అడగక్కర్లేదు. కుడి భుజం చూస్తే చాలు. అది ఎడమ భుజం కన్నా ఒకటింబావు అంగుళం కిందికి ఉంటే బోర్డు మనిషే. రెండంగుళాలు కిందికి ఉంటే ప్రమోషన్‌కి దగ్గర్లో ఉన్నాడన్నమాట. రెండు భుజాలూ సమానంగా ఉంటే, పాపం, ఏ బడిపంతులో బియ్యం వ్యాపారో అయి ఉంటాడు.

ఈ వాలు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊరు మొత్తం మీద తెలిసినవాడు ఒక్కడే, న్యూ లండన్ టైలర్స్ షేక్ సుభానీ. ఆయనకైనా సగమే తెలుసు.

బోర్డు పని కాలువల మీద లాకులు చూసుకోవడం. వేసవిలో కాలువలు కట్టేస్తారు, జూన్ ఒకటిన గేట్లెత్తి నీళ్ళు వదులుతారు. ఆ రోజున బోర్డు అధికారులు ఉన్ని గుడ్డతో కుట్టిన నల్లకోట్లు తొడుక్కుని గట్టు మీద వరసగా నిలబడాలి. నలభై రెండు డిగ్రీల ఎండలో ఉన్నికోటు ఏమిటని అడక్కండి. తొంభై ఏడేళ్ల కిందట హార్గ్రీవ్ అనే దొర కుట్టించుకున్నాడు కాబట్టి వీళ్ళు తొడుక్కుంటున్నారు. ఆ దొరకోటు కత్తిరించింది సుభానీ తాత. ఆయన దళసరి కాగితం మీద కోసిన నమూనాకి బోర్డు వారు నాలుగు మూలలా ముద్రలు కొట్టి, రేకు గొట్టంలో పెట్టి, కాపాడమని ఆ కుటుంబానికే అప్పగించారు. దాంతోపాటు పద్నాలుగో నిబంధన ఒకటి రాశారు. "ఛాతీ, నడుము, పొడవు, చేతులు ఉద్యోగి శరీరమునుబట్టి మార్చుకొనవచ్చును. భుజములు మాత్రము నమూనాననుసరించియే ఉండవలెను."

చిక్కంతా ఆ నమూనాలోనే ఉంది. అందులో కుడి భుజం ఒకటింబావు అంగుళం కిందికి ఉంది.

సుభానీ కోటు శాస్త్రం ఆషామాషీగా నేర్చుకున్నవాడు కాదు. కోటు వెనక చీలిక ఎందుకంటే ఒకప్పుడు దాన్ని తొడుక్కున్నవాడు గుర్రం ఎక్కేవాడు కాబట్టి. గుర్రం పోయింది, చీలిక ఉండిపోయింది. మెడపట్టీ మీద బొత్తాం లేని కాజా ఎందుకంటే ఒకప్పుడు చలికి గొంతుదాకా బిగించుకునేవాళ్ళు కాబట్టి. చలి లేదు, కాజా ఉంది. కోటు మీద కారణం లేని కుట్టు ఉండదని ఆయన కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. మంచి కోటు భుజాల మీద నిలబడుతుంది, తక్కినదంతా ఊరికే వేలాడుతుంది అనేవాడు. మరి ఆ కుడి భుజం ఎందుకు దిగిందయ్యా అంటే మాత్రం జవాబు లేదు. చిన్నప్పుడు తండ్రినడిగితే, తాత కత్తిరించాడు, నువ్వు నోరు మూసుకుని కుట్టు అన్నాడు. నలభై ఏళ్లుగా అలాగే కుడుతున్నాడు.

తిన్నటి భుజాల మీద ఆ కోటు వేస్తే కుడివైపంతా ముడతలు పడి, మెడపట్టీ మెడని వదిలేసి, కింది అంచు గాల్లోకి లేస్తుంది. మనిషి కాస్త కుడికి ఒరిగాడా, ముడతలు సగం సర్దుకుంటాయి. అందుకే వాళ్ళు ఒరిగారు. ఒరిగి ఒరిగి అలవాటైపోయి లుంగీ కట్టుకుని కూరల బజారుకెళ్లినా అలాగే ఒరిగి నడుస్తున్నారు.

దీనివల్ల బోర్డుకి వచ్చిన నష్టం లేదు. పేరు పోయింది సుభానీకి. ఆయన చేతి కోటు ఊరి జనానికి కనపడేది ఏడాదికొకసారి, ఆ గట్టు మీదే. అది చూసి ఆయనకి వంకరకోట్ల సాయిబని పేరు పెట్టేశారు. ఊళ్ళో ఏ పెళ్లికొడుకూ ఆయన గుమ్మం తొక్కడు. ఆఖరికి సొంత అల్లుడు కరీముల్లా, నిఖాకి కోటు రాజమండ్రి వెళ్లి కుట్టించుకొచ్చాడు. మీకెందుకు శ్రమ మావయ్యా అన్నాడు చాలా మర్యాదగా. ఆ మర్యాద సుభానీ గుండెలో ముల్లులా దిగిపోయింది. ఇప్పుడాయనకి అరవై రెండు. సూదిలో దారం భార్య బీబీజాన్ ఎక్కించి ఇస్తోంది. చూపు పూర్తిగా పోకముందు తిన్నటి మనిషి మీద తిన్నటి కోటు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఊరంతా చూస్తుండగా నిలబెట్టాలి. ఆయనకున్న కోరికంతా అదే.

అలాంటి సమయంలో దివాకరంగారు చీఫ్ ఇంజనీరుగా దిగారు. ఆయన ఎక్కడో మూడు రోజుల సదస్సుకెళ్లి వారసత్వాన్ని కాపాడే పిచ్చి అంటించుకుని వచ్చారు. అప్పటిదాకా కోటు పదకొండు మంది అధికారులకే ఉండేది. ఇకమీదట కాపలావాళ్ళతో సహా నలభై మూడు మందీ తొడుక్కోవాలన్నారు. ఆ వాలుకి అర్థం కూడా ఉండి తీరాలన్నారు. కాలేజీ లెక్చరరు ఒకాయన్ని పిలిచి పుస్తకం రాయించారు. కుడిగట్టు రైతుల పట్ల వినయంతో దొర తన కుడి భుజాన్ని దించాడని అందులో తేలింది. ఎడమగట్టు రైతులు ఊరుకుంటారా? మామీద వినయం లేదా అని అర్జీ పెట్టారు. ఎడమ భుజం పైకి ఉండటం ఎడమగట్టు పట్ల గౌరవమని రెండో ముద్రణలో చేర్చి వాళ్ళని శాంతింపజేశారు. రోజూ పొద్దున్న ఏడింటికి ఆఫీసు ఆవరణలో వాలు శిక్షణ మొదలైంది. డ్రిల్లు మాస్టారు ఈల వేస్తే నలభై మూడు కుడి భుజాలు ఒక్కసారిగా దిగేవి.

ఏప్రిల్‌లో కొల్లాబత్తుల ప్రదీప్ అనే కుర్ర ఇంజనీరు ఉద్యోగంలో చేరాడు. ఇంకా ప్రొబేషన్. కాలేజీలో వాలీబాల్ ఆడినవాడు, గోడకి ఆనించిన నిచ్చెనలా తిన్నగా ఉంటాడు. నిబంధన ప్రకారం కుట్టిన కోటు తొడిగి సుభానీ అతన్ని అద్దం ముందు నిలబెట్టాడు. కుర్రాడు ముడతలు చూశాడు, లేచిన అంచు చూశాడు. చివరికి నెమ్మదిగా అడిగాడు.

"ఇది మీకు బావుందాండీ సుభానీ గారూ?"

నలభై ఏళ్లలో ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు.

"లేదు బాబూ. నాకెప్పుడూ బాలేదు," అన్నాడు.

ఆ రోజే రేకు గొట్టం మూత పెట్టేసి అల్మైరా పైకి ఎక్కించేశాడు. కొత్త గుడ్డ పరిచి, సుద్దతో తనే గీసుకుని, తాను నేర్చిందంతా ఆ ఒక్క కోటులో పెట్టాడు. మూడుసార్లు ట్రయల్ వేశాడు. మూడోసారి కోటు ఆ కుర్రాడి భుజాల మీద చెరువులో నీళ్ళలా సమంగా కూర్చుంది. సుభానీ వెనక్కి నాలుగడుగులు వేసి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

జూన్ ఒకటి రానే వచ్చింది. గట్టు మీద నలభై నలుగురు వరసగా నిలబడ్డారు. నలభై మూడు మంది కుడికి ఒరిగి ఉన్నారు, ఒక్కడు తిన్నగా ఉన్నాడు. ఊరు ఊరంతా ఆ ఒక్కణ్ణే చూసింది. సుభానీ జనంలో నిలబడి చెవులు రిక్కించి విన్నాడు. పక్కనున్న బెల్లం కొట్టాయన, చూడవయ్యా, ఆ చివరి కుర్రాడి కోటు ఎంత వంకరగా కుట్టాడో అన్నాడు. మర్నాడు పేపర్లో ఫొటో వేసి, కింద "ఎడమకు ఒరిగిపోయిన యువ ఇంజనీరు" అని రాశారు. అన్నిటికన్నా ఘోరం, బీబీజాన్ ఆ ఫొటో అటూ ఇటూ తిప్పి చూసి, అదొక్కటే కాస్త తేడాగా ఉందండీ అంది. సుభానీ ఆ పూట అన్నం తినలేదు.

నాలుగో రోజున మెమో వచ్చింది. "సదరు ప్రొబేషనరు తన ఉభయ భుజములను సమానముగా ఉంచి బోర్డు ప్రతిష్ఠకు భంగము కలిగించియున్నారు. సదరు దర్జీ ఇందుకు సహకరించియున్నారు. ఏల చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలియజేయవలెను." ప్రదీప్‌ని ముందుగా డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు అన్నీ నొక్కి చూసి, భుజాలు రెండూ సమానంగా ఉన్నవి, ఇతరత్రా ఆరోగ్యవంతుడు అని సర్టిఫికెట్టు ఇచ్చాడు. దివాకరంగారు ఆ మొదటి ముక్క కింద ఎర్ర సిరాతో గీత గీశారు.

తర్వాత ముగ్గురితో సాంకేతిక సంఘం వేశారు. అందరూ ఇంజనీర్లే కదా, నోటిమాటని నమ్మరు, పరికరంతో కొలుస్తారు. ప్రదీప్ భుజాల మీద అడ్డంగా బద్ద పెట్టి, దాని మీద తాపీమేస్త్రీలు వాడే రసమట్టం పెట్టారు. బుడగ వచ్చి సరిగ్గా మధ్యలో నిలబడింది. చీఫ్ గారి భుజాల మీద పెడితే బుడగ ఎడమ చివరికి పారిపోయి అక్కడే ఉండిపోయింది. సంఘం వారు తలుపులేసుకుని మూడు రోజులు ఆలోచించారు. బోర్డు కోటు వయసు తొంభై ఏడేళ్లు, రసమట్టం కొన్నది నిరుటి వేసవిలో. అనుభవం దృష్ట్యా తప్పు రసమట్టానిదేనని ఏకగ్రీవంగా తేల్చారు. బోర్డులో ఉన్న రసమట్టాలన్నిటినీ చీఫ్ గారి భుజానికి సరిపోయేలా దిద్దవలెనని ఉత్తర్వు వచ్చింది. అప్పుడే కడుతున్న అతిథిగృహం వరండాని దిద్దిన రసమట్టంతో పూర్తి చేశారు. తుది విచారణ ఆ వరండాలోనే జరుగుతుందని చెప్పారు.

విచారణలో తేలేది ఏమిటో చెప్పడానికి జాతకం చూడక్కర్లేదు. ప్రదీప్ ఉద్యోగం ఊడుతుంది. సుభానీ కొట్టు మీద నుంచి "బోర్డు వారి టైలరు" అన్న రేకు పీకేస్తారు. ఆ రేకు పోతే పోనీ అనుకున్నాడాయన. కానీ ఆయన జన్మలో కుట్టిన ఒకే ఒక్క తిన్నటి కోటు వంకరదని ముద్ర కొట్టి, నోటీసు బోర్డులో అంటిస్తారు. ఇకమీద అది ఊరి వాళ్ళ ఎగతాళి కాదు, సర్కారు వారి మాట అయిపోతుంది.

దిక్కుతోచక ట్రంకుపెట్టె తెరిచి తాత కొలతల పుస్తకం తీశాడు. అందులో అంకెలు ఆయనకి చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు. పక్క గడిలో తాత ఉర్దూలో ఏదో గిలికి ఉంటాడు, అది మాత్రం సుభానీకి చదవడం రాదు. ఏ గుడ్డ రకమో రాసుంటాడని ఎన్నడూ పట్టించుకోలేదు. బీబీజాన్‌కి చదవడం వచ్చు. పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, హార్గ్రీవ్ దొర పేజీ తీసి, కూడబలుక్కుంటూ చదివింది. చదివి పకపకా నవ్వింది. ఆమె రెండోసారి చదివి వినిపించాక సుభానీ కొట్టు మధ్యలో కూలబడిపోయాడు.

విచారణ రోజున వరండాలో బల్ల, కుర్చీలు, సంఘం, ఫైళ్ళు అన్నీ కుడివైపుకి ఒరిగి ఉన్నాయి. టీ కప్పులు బల్ల మీద నిలవక చివరికి జారిపోతుంటే ఒక గుమాస్తా అవతల నిలబడి పట్టుకుంటున్నాడు. దివాకరంగారు గొంతు సవరించుకుని, దర్జీ చెప్పుకోవలసింది ఏమైనా ఉన్నచో చెప్పుకొనవచ్చును అన్నారు.

సుభానీ లేచాడు.

"కోటు మీద కారణం లేని కుట్టు ఉండదండి. ఆ భుజానికి కూడా కారణం ఉందండి. మా తాత చేత్తో రాసిపెట్టాడు, చదువుతాను, చిత్తగించండి," అని బీబీజాన్ తెలుగులో రాసిచ్చిన కాగితం తీసి చదివాడు.

"దొర ఈ పూట లాకుగుంటలో తానే పట్టిన కొరమేనుని బకెట్లో వేసుకుని కొలత ఇవ్వడానికి వచ్చాడు. కొట్లో పిల్లి ఉంది, కింద పెట్టనన్నాడు. కుడిచేత్తో బకెట్ పట్టుకునే కొలత ఇచ్చాడు. కుడి భుజం ఒకటింబావు అంగుళం దిగింది. ట్రయల్‌కి వట్టి చేతులతో రమ్మన్నాను. బకెట్ దించలేదు. ట్రయల్ మిగిలి ఉంది."

దొర ఆ వారంలోనే బదిలీ అయి వెళ్లిపోయాడనీ, ట్రయల్ కాకుండానే బోర్డు గుమాస్తా వచ్చి నమూనా మీద ముద్రలు కొట్టేశాడనీ, ఆ తర్వాతి పేజీలో తాత రాసినదాన్నిబట్టి సుభానీ వివరించాడు. ట్రయల్ కాని కోటు కోటే కాదండి, తొంభై ఏడేళ్లుగా బోర్డు వారు తొడుక్కుంటున్నది ఒక చేపల బకెట్ బరువండి అన్నాడు. ప్రదీప్ తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. గుమాస్తా నోరు తెరిచి ఉండిపోవడంతో ఒక కప్పు జారి కింద పడింది.

దివాకరంగారు పుస్తకం అడిగి పుచ్చుకున్నారు. ఆ పేజీని వేలితో తడిమారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇక గెలిచినట్టేనని సుభానీ గుండె ఒక్కసారి ఎగిరింది.

"సాయిబు గారూ, మీరు బోర్డు కళ్ళు తెరిపించారు," అన్నారు చీఫ్ గారు గద్గదంగా. "కారణం లేని కుట్టు ఉండదన్నారే, అది నిజం. కారణాన్ని మేము పోగొట్టుకున్నాం. తొంభై ఏడేళ్లుగా బోర్డు బకెట్ లేకుండా కోటు తొడుక్కుంటోంది."

సుభానీ ఏదో అనబోయాడు. అప్పటికే స్టెనో రాసుకుంటున్నాడు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది ఉద్యోగులకు తెలియజేయునదేమనగా, బోర్డు కోటు ధరించునపుడు కుడిచేత బకెట్ ధరించుట తప్పనిసరి. అధికారుల బకెట్లో సజీవమగు కొరమేను, గుమాస్తాల బకెట్లో నిర్జీవమగు కొరమేను, కాపలాదారుల బకెట్లో తత్సమానమగు రాయి ఉండవలెను." ప్రదీప్ సంగతి సంఘం వారు మళ్ళీ కూర్చుని మాట్లాడారు. అతని కోటులో భుజాలు సమానంగా ఉన్నాయి కాబట్టి ఒక బకెట్ పట్టుకుంటే అది పాడవుతుంది. కనుక అతను చేతికొకటి చొప్పున రెండు బకెట్లు పట్టుకోవాలన్నారు. ఉద్యోగం నిలిచింది, మెమో ఎత్తేశారు. తిన్నటి కోటు రెండు బకెట్ల కోటుగా రికార్డుల్లోకి ఎక్కింది.

జూన్ ఒకటిన గేట్లెత్తడం శాస్త్రోక్తంగా జరగలేదు కాబట్టి మళ్ళీ ఎత్తాలి. ఎత్తాలంటే ముందు దించాలి. దించి, కొరమేలు దొరికేదాకా అయిదు రోజులు ఆగారు. నారుమళ్ళు నెర్రెలిచ్చి రైతులు గట్టు మీదకొచ్చి కూర్చున్నారు. వేడుక చూడటానికి వచ్చారు కాబోలని బోర్డు వారు వాళ్ళకి షామియానా వేయించారు.

ఆరో రోజున నలభై నలుగురూ కోట్లు తొడుక్కుని, బకెట్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు. సుభానీ చూసి కొయ్యబారిపోయాడు. బరువుకి కుడి భుజాలు సరిగ్గా ఒకటింబావు అంగుళం దిగాయి, ముడతలన్నీ మాయమయ్యాయి. మెడపట్టీలు మెడల్ని అంటిపెట్టుకున్నాయి, అంచులు నేలకి సమంగా దిగాయి. తాత కత్తెర ఎంత గొప్పదో తొంభై ఏడేళ్ల తర్వాత బయటపడింది. జనం నోళ్ళు వెళ్లబెట్టారు. బెల్లం కొట్టాయన వెనక్కి తిరిగి సుభానీ చెయ్యి పట్టుకుని, ఇంత పనితనం చేతుల్లో పెట్టుకుని ఇన్నాళ్ళూ దాచేశారేం సాయిబు గారూ అని నిష్ఠూరమాడాడు. వరస చివర్న ప్రదీప్ రెండు బకెట్లతో చెమటలు కక్కుతూ నిలబడి, సుభానీ వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

ఆ వారం నుంచి న్యూ లండన్ టైలర్స్ గుమ్మం ఖాళీ లేదు. పెళ్లికొడుకులు వస్తున్నారు, వాళ్ళ బావమరుదులు వస్తున్నారు, వచ్చే ప్రతివాడి చేతిలోనూ బకెట్ ఉంటోంది. దించి నిలబడండి బాబూ, భుజాలు తిన్నగా చూసి కుడతాను అని సుభానీ మొదట్లో బతిమాలాడు. ఒక్కడూ వినలేదు. పాత పేరు పోయి బకెట్ కోట్ల సాయిబు అన్న పేరు వచ్చింది. రాజమండ్రిలో కూడా ఆయన పేరు చెప్పుకుంటున్నారట.

శుక్రవారం నమాజు అయ్యాక కరీముల్లా వచ్చాడు. తమ్ముడి నిఖాకి కోటు కావాలన్నాడు. మీ చేత్తోనే కుట్టాలి మావయ్యా, రాజమండ్రి వాళ్ళకేం తెలుసు అన్నాడు. ఈ మాట కోసం సుభానీ రెండేళ్లుగా కాచుకుని ఉన్నాడు. టేపు మెళ్ళో వేసుకుని దగ్గరికి వెళ్లాడు. అల్లుడు అద్దం ముందు బుద్ధిగా నిలబడ్డాడు. అతని కుడిచేతిలో నిండు బకెట్ ఉంది, భుజం దిగిపోయి ఉంది.

"అది కింద పెట్టు నాయనా," అన్నాడు సుభానీ. "నీ భుజాలు చూడనీ. నీకు మంచి భుజాలున్నాయి."

కరీముల్లా భయంగా చూశాడు. "దించితే కోటు కుదరదంట గదా మావయ్యా. ఊరంతా అదే అంటన్నారు."

సుభానీ కాసేపు అతని ముఖంలోకి చూశాడు. టేపు వేసి కుడి భుజం కొలిచాడు, ఎడమ భుజం కొలిచాడు, వంగి బకెట్ పక్కనుంచి చెయ్యి పొడవు కూడా కొలిచాడు. తర్వాత బల్ల దగ్గర కూర్చుని తాత పుస్తకంలో మిగిలిన ఖాళీ పేజీ తీశాడు. అంకెలన్నీ వేశాక పక్క గడిలో, ఎవరికైనా అర్థమయ్యేలా పెద్ద తెలుగు అక్షరాలతో రాశాడు.

"బకెట్ దించలేదు. ట్రయల్ మిగిలి ఉంది."